బాగున్న కప్పు

ఆ రోజు పొద్దున్న జడ్జిగారు గుడ్డట్టు ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, "బాగుంది" అన్నారు.

పొయ్యి దగ్గరున్న ఆయన భార్య చేతిలో అట్లకాడ ఎక్కడిదక్కడే ఆగిపోయింది. పక్కింటి రేడియోలోంచి వచ్చిందేమోనని కిటికీ వైపు కూడా చూసింది పాపం.

జడ్జిగారంటే కోర్టులో జడ్జి కాదు. టీ కంపెనీలో రుచి చూసి చెప్పే ఉద్యోగం ఆయనది. పొడవాటి బల్ల మీద తెల్లకప్పులు వరసగా పెట్టి ఉంటాయి. ఒక్కోదాంట్లోంచి చెంచాడు తీసి, జుర్రున పీల్చి, నోట్లో తిప్పి, ఉమ్మేసి, పక్క కప్పు దగ్గరికి వెళ్ళాలి. ఆ నాలుకని ఆయన సాయంత్రం ఆఫీసులో వదిలి రావచ్చు కదా! అబ్బే, ఇంటికీ తెచ్చేవారు. "ఉల్లిపాయలు కాస్త ఎక్కువ వేగాయి." "నూనె పాతది." "ఉప్పు చివర్లో వేశావు." కూతురు చిన్నప్పుడే ఆయనకి జడ్జిగారని పేరు పెట్టేసింది. వంక దొరకని రోజున మనిషి నోరు మెదపడు, తినేసి లేచి వెళ్ళిపోతాడు. ఒక్కసారి బాగుందంటాడేమోనని ఆవిడ ఏళ్ళ తరబడి చూసి, చివరికి చూడటమే మానేసింది.

అలాంటిది ఇప్పుడు బాగుందన్నారు. మర్నాడూ అన్నారు. ఆ మర్నాడూ అన్నారు.

"మీ నాన్న మారిపోయారే!" అని కూతురికి ఫోన్ చేసి చెప్పింది. "నిన్న కూర బాగుందన్నారు. నేనడక్కుండానే!"

"జ్వరంగానీ వచ్చిందా?" అంది కూతురు. అది బళ్ళో పిల్లలకి సైన్సు చెబుతుంది. ఏ మాటా ఊరికే నమ్మదు.

"జలుబు చేసింది, జ్వరమూ వచ్చింది. తగ్గి చాలా రోజులైంది. నువ్వూ నీ అనుమానాలూ!"

ఆవిడకి ఒళ్ళు తేలికైపోయింది. ఏనాడో అటక మీద పడేసిన గిన్నెలు దించి తోమింది. కూని రాగాలు తీసింది. పక్కింటావిడని పిలిచి మరీ చెప్పుకుంది. ఒక్క మాటకి ఇంత చేస్తారా అంటే, ఆ మాట లేకుండా అన్నేళ్ళు వండి చూడండి, తెలుస్తుంది.

ఆదివారం కూతురు వచ్చింది. తల్లి పొయ్యి మీద చిక్కుడు గింజల కూర పెట్టి, పెరట్లో బట్టలు ఆరేస్తూ దానితో కబుర్లలో పడింది. ఇద్దరూ లోపలికి వచ్చేసరికి వంటగదంతా పొగ.

"అయ్యో అయ్యో, అడుగంటిపోయింది!" అంటూ ఆవిడ పొయ్యి ఆర్పింది. కూతురు దగ్గుతూ కిటికీలు తెరిచింది. కొత్త కూర చేద్దామని తల్లి అలమరలో గింజల డబ్బా కోసం వెతుకుతుంటే, ముందుగదిలో పేపరు చదువుకుంటున్న జడ్జిగారు ఆకలేసి వచ్చారు. పొగ అప్పటికే కిటికీలోంచి పోయింది. వాసన మాత్రం గోడలకి పట్టుకుని ఉంది. ఆయన గిన్నెలోంచి ఇంత వడ్డించుకుని, రొట్టె ముంచి తిన్నారు.

"ఇవాళ ఏదో కొత్తగా వేశావు. బాగుంది," అన్నారు.

ఆవిడ డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఎగతాళా?" అంది.

"ఎగతాళి ఏంటి? నిజంగానే..."

"నాన్నా," అంది కూతురు మెల్లగా, "ఇల్లంతా మాడు వాసన కొడుతోంది. నీకు తెలీట్లేదా?"

జడ్జిగారు ఒకసారి ముక్కు ఎగబీల్చారు. గిన్నె వంక చూశారు. అడుగున నల్లగా పేరుకున్నది అప్పుడు కనిపించింది. చేతిలో రొట్టెముక్క పళ్ళెంలో పెట్టేశారు.

"లేదమ్మా," అన్నారు. "జ్వరం తగ్గిన దగ్గర్నుంచీ ఏదీ తెలీట్లేదు."

"అంటే నాలుక...?"

"నాలుక ఉందమ్మా. దానికి తెలిసేదే కాస్త. ఉప్పు, పులుపు, తీపి, చేదు, కొంచెం కమ్మదనం. మిగతాదంతా ముక్కుదే. నమిలేటప్పుడు గొంతు వెనకనుంచి వాసన ముక్కులోకి పోతుందే, రుచి రుచి అని మనం అనుకునేదంతా అదే. అది పోయింది నాకు. ఏ కప్పు తాగినా వేడి చేదునీళ్ళే."

"మరి ఆఫీసులో?"

"నోరు మూసుకున్నాను. అక్కడ నేనేమీ అనకపోతే పాసైనట్టే."

కూతురు తల పట్టుకుంది. తల్లికి ఆఫీసు గొడవ చెవికెక్కలేదు. ఆవిడ వేరే లెక్కలో ఉంది.

"అయితే ఇన్నాళ్ళూ బాగుందన్నది?"

ఆయన తలొంచుకున్నారు. "రోజూ వంకలు పెట్టేవాణ్ణి ఊరుకుంటే నువ్వు కనిపెట్టేస్తావని భయమేసింది."

"కనిపెట్టకుండా నా మొహాన ఓ మాట పారేశారా! నోరంతా బాగున్నన్నాళ్ళూ మాట రాలేదు, రుచి పోయాక వచ్చిందా! నేను వెర్రిదాన్లా ఊరంతా చెప్పుకు తిరిగాను." ఆవిడ మాడిన గిన్నె లాక్కుని తోమడం మొదలుపెట్టింది. అది అంత తొందరగా వదిలే మాడు కాదు.

జడ్జిగారు లేచి వెనక నిలబడ్డారు. "మా బల్ల దగ్గర పద్ధతి అదీ. తప్పున్న కప్పు దగ్గరే ఆగుతాం, దాని గురించే మాట్లాడతాం. బాగున్న కప్పుని దాటి వెళ్ళిపోతాం. నేనేమీ అనని రోజులన్నీ..."

"నేను మీ బల్ల మీద కప్పునా?" ఆవిడ వెనక్కి తిరగలేదు. "కప్పుకి చెవులుండవు. నాకున్నాయి."



మర్నాడు జడ్జిగారు ఆఫీసుకి వెళ్ళి పై అధికారికి ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆ రోజుల్లో పాసైన టీలన్నీ వేరేవాళ్ళు మళ్ళీ రుచి చూశారు. ఆయన్ని సెలవు మీద ఇంటికి పంపారు. డాక్టరు పరీక్ష చేసి, వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, రోజూ నాలుగు వాసనలు చూపించి ముక్కుకి మళ్ళీ నేర్పించమన్నాడు.

నేర్పించేది ఎవరు? ఇంకెవరు, ఆవిడే. పొద్దున్నా సాయంత్రమూ ఆయన్ని కళ్ళు మూసుకోమని, నిమ్మతొక్క, లవంగాలు, కాఫీపొడి, గులాబీ ఒక్కోటీ ముక్కు దగ్గర పెట్టేది. "ఇదేంటి?" అని మాత్రం అడిగేది. అంతకు మించి మాటల్లేవు. కోపంలో కూడా లవంగాలు రోజూ కొత్తవి చిదిపేది, పాతవి వాసన పోతాయని.

"నిమ్మ... కాదు, కాఫీ?"

"సబ్బు," అనేది విసుగ్గా. "చేతులు కడుక్కుని వచ్చాను."

భోజనం దగ్గర ఆయన నోరు తెరవడానికి భయపడేవారు. బాగుందంటే అబద్ధమవుతుంది. ఊరుకుంటే పాత పాపమే. ఆవిడా ఉప్పూ కారం సరిచూసి వండి పెట్టేది, అంతే. దించిన గిన్నెలు మళ్ళీ అటకెక్కాయి.

వానాకాలం గడిచిపోయింది. ఒక పొద్దున్న ఆవిడ పాలు కాస్తూ పాలవాడికి తలుపు తీసి వచ్చేసరికి గిన్నె అడుగు కొంచెం పట్టింది. మరీ ఏం కాదులే, ఈయనకేం తెలుస్తుందని పైన ఉన్న పాలతో టీ పెట్టి ఇచ్చేసింది.

జడ్జిగారు జుర్రున పీల్చారు. నోట్లో తిప్పారు. నుదురు ముడిపడింది.

"పాలు అడుగంటాయి," అన్నారు.

అన్నాక ఆయనే ఉలిక్కిపడ్డారు. ఆవిడ దగ్గరికొచ్చింది. "ఏమన్నారు?"

"పాలు... అడుగంటాయి. గిన్నె కూడా సరిగా కడగలేదు, నిన్నటి ఉల్లిపాయ వాసన..."

"మళ్ళీ అనండి!"

"ఉల్లిపాయ వాసనే!" ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆవిడ కుర్చీలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, నవ్వింది. అన్నేళ్ళు పడి పడి విసిగిపోయిన వంకలే, ఇప్పుడు ఇంకో రెండు పెడితే బాగుండుననిపించింది ఆవిడకి.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని లేచింది. గిన్నె రుద్ది రుద్ది కడిగి, కొత్త పాలు పోసి, పక్కనే నిలబడి కాచింది. టీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. అడగదల్చుకోలేదు. అలవాటుగా వెనక్కి తిరిగింది.

జడ్జిగారు ఒక గుక్క తాగారు. వంకేమీ కనపడలేదు. ఇన్నేళ్ళ అలవాటు ఆయన చేతిని పేపరు వైపు తీసుకుపోయింది. సగం దూరం పోయిన చెయ్యి ఆగింది.

"ఇదిగో, ఇలా రా," అన్నారు. "బాగుంది."

ఆవిడ తిరిగి ఆయన మొహంలోకి చూసింది. "నిజంగానా?"

"ఇందాక పాలు అడుగంటాయన్న నోరే చెబుతోంది."

ఆవిడ మిగిలిన టీ తన కప్పులో పోసుకుని, ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.