తువ్వాలు కింద ఏడు

"నిన్నే ఎందుకు పంపుతాండామో తెలుసునా, దేవేంద్రప్పా?"

ఆదోనిలో మూతపడిన పత్తి మిల్లు వెనక గదిలో గూఢచారి శాఖ చీఫ్ సాయినాథ్ ఫైలు తెరిచాడు. "విదేశీ ముఠా ఒకటి ఎమ్మిగనూరు జాతరలో టెస్టు పెట్టింది. మైకు స్తంభాల్లో ఒకదానికి ట్రాన్స్‌మిటర్ కట్టినారు. అది మోగితే వేలమంది తలల్లో ఒకటే ఆలోచన. సరిగ్గా నాలుగ్గంటలకు 'పరుగెత్తు' అంటాది. తొక్కిసలాటలో ఎంతమంది పోతారో దేవుడికే ఎరుక. గుంపులో కలవాలనుకునే మనసునే అది పట్టుకుంటాది. నీకా బాధ లేదు. నీకెవురుండారప్పా?"

నిజమే కదా అనుకున్నాడు దేవేంద్రప్ప. నిజమే గనకే ఆ మాట గుచ్చుకుంది.

మూడూ యాభైకల్లా జాతర పశువుల సంతలో ఉన్నాడు. తలపాగా, భుజాన తువ్వాలు, నోట్లో ఆకువక్క. అచ్చం ఎద్దుల దళారి. దాణా కంపెనీ స్టాల్లో నల్ల కళ్లద్దాలు, ఎర్ర పట్టుచీర: అనురాధ. పేరుకు ముఠా మనిషి, నిజానికి మన ఏజెంటు. ఏ నంబరు స్తంభమో ఆమెకొక్కదానికే తెలుసు.

"సీమ కోడె ఉండాదా తల్లీ?" కోడ్ వర్డ్ విసిరాడు.

"పోదాం పదండి," అంది అనురాధ.

కోడ్‌కు జవాబు అది కాదు. చుట్టూ అందరిదీ అదే మాట. పిల్లలు, ముసలివాళ్లు, జిలేబీలమ్మే ఆమె కూడా, "పోదాం పదండి." మైకుల్లో సన్నటి రొద. ఓరి దేవుడా, ముందే మొదలెట్టేశారు!

నోరు గుంపుదైపోయింది. మరి చెయ్యి? ఆమె చేతిమీద తువ్వాలు కప్పి, బేరగాడిలా వేళ్లు పట్టాడు. తాతల నాటి నుంచీ ఈ సంతలో ఎద్దు ధర అలా వేళ్ల లెక్కతో ఇద్దరికే తెలిసేది. ఆమె ఐదు వేళ్లూ నొక్కింది. వదిలింది. మళ్లీ రెండు నొక్కింది.

ఏడు!

ఏడో స్తంభానికి పరుగు తీశాడు. దగ్గరయ్యేకొద్దీ రొద పెరిగింది, కాళ్లు ఆగిపోయాయి. 'రా దేవేంద్రా, మనోళ్లమంతా పోతాండాం,' అంది తలలో ఎవరో. మనోళ్లు! పన్నెండేళ్లుగా ఆ మాటతో అతన్ని పిలిచిన నాథుడు లేడు. చీఫ్ అంచనా తప్పింది. అబ్బ, ఎంత హాయి! పెళ్లి పందిట్లో నలుగురితో పంక్తిన కూచున్నట్టుంది. పోతే పోనీ అనిపించింది.

కానీ అనురాధ నొక్కిన వేళ్లు ఇంకా నొప్పిపెడుతున్నాయి. వేలమందిలో అతనొక్కడికే చెప్పిన మాట అది. మూడూ యాభైతొమ్మిది దాటింది. ఏడుస్తూనే కటింగ్ ప్లేయర్ తీసి వైరు కత్తిరించాడు.

రొద ఆగింది. జనం తల విదిల్చుకుని ఎవరి బేరాలకు వాళ్లు పోయారు. అనురాధ ముఠాను పట్టివ్వడానికి వాళ్ల జీపే ఎక్కింది, చెయ్యైనా ఊపలేదు. ఊపకూడదు మరి. దేవేంద్రప్ప కళ్లు తుడుచుకున్నాడు.

"ఎవురితో వచ్చినావన్నా?" కోసిగి ఊరి రైతొకడు అడిగాడు.

"ఒక్కణ్ణే వచ్చినా."

"మంచిదాయ. రోంతసేపు ఈ ఎద్దును పట్టుకోన్నా, చాయ్ తాగొస్తా."

వేలమంది ప్రాణాలు కాపాడిన గూఢచారి సంత ఎత్తేసేదాకా ఎవరిదో ఎద్దును కాపాడుతూ నిలబడ్డాడు.