సముద్రం వెనక్కి పోయేదాకా విందు

గూఢచారిని చంపడానికి ఒక్క తూటా చాలు. గూఢచారికి పని అప్పజెప్పడానికి మాత్రం కర్నల్ వెస్పియేకి మెత్తని కుర్చీ, పొడవాటి చుట్ట, గోడ నిండా మ్యాపు, ఆయన ఏమన్నా తలాడించే సహాయకుడు ఒకడు కావాలి. ఏజెంట్ తాంగీ కెర్మరెక్ పారిస్‌లోని ఆ గదిలోకి వచ్చేసరికి నాలుగూ సిద్ధంగా ఉన్నాయి.

"కూర్చో. ఆపరేషన్ పేరు నెప్ట్యూన్."

తాంగీ కూర్చున్నాడు. సముద్రం ఒడ్డున జరిగే ప్రతి ఆపరేషన్‌కూ శాఖలో ఆ సముద్రదేవుడి పేరే పెడతారు. ఇంకో పేరు ఆలోచించాలంటే మధ్యాహ్నం భోజనం ఆలస్యమవుతుంది.

కర్నల్ ఒక ఫొటో తోశాడు. తెల్ల సూటు, వెండి పిడి ఉన్న చేతికర్ర, లోకంలో ఏదీ రుచించనివాడి ముఖం.

"బారన్ వాల్డెన్. బారనూ కాదు, వాల్డెనూ కాదు. మన కొత్త జలాంతర్గామి ప్లాన్ల మైక్రోఫిల్మ్ ఆ కర్ర పిడిలో ఉంది. ఆదివారం మధ్యాహ్నం మోటారు బోటులో మీ ఊరి రేవుకి వస్తాడు. భోంచేసి అటునుంచి అటే దేశం దాటేస్తాడు."

"పారిపోయేవాడికి మధ్యలో భోజనమెందుకు?"

"తిండి పిచ్చి. ఫ్రాన్సులో ఆఖరి ముద్ద మీ పెద్దమ్మ చేతిదే తినాలట."

"రేవులోనే పట్టుకోవచ్చుగా."

"ఒక్క కొత్త ముఖం కనబడితే బోటు దిగడు. అందుకే మన మనుషులు దూరంగా, అడవి అవతల ఉంటారు. వాడు బల్ల దగ్గర కూర్చున్నాక నువ్వు కబురు చెయ్యి. మేమొచ్చేదాకా వాణ్ణి లేవనివ్వకు."

"లేస్తే?"

"లేవనివ్వకు అన్నానుగా."

ఇలాంటి సలహాలు ఇచ్చినందుకే ఆయన కోటు మీద అన్ని పతకాలు.

కర్నల్ రెండో ఫొటో తోశాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న అందమైన స్త్రీ. తాంగీ దాన్ని చేతిలోకి తీసుకోలేదు.

"ఏజెంట్ సిడోనీ. వాడి మనిషిలా నటిస్తూ మనకి పని చేస్తోంది. ఆ సంగతి వాడికి తెలిసిపోయిందని మొన్ననే తెలిసింది. ఆమెకింకా తెలీదు. భోంచేశాక ఆమెని కూడా బోటెక్కిస్తాడు. ఎక్కిందంటే..." కర్నల్ చుట్ట నుసి రాల్చాడు. "ఫిల్మ్ ముఖ్యం. ఆమె కూడా దక్కితే సంతోషం. రహస్య వాక్యం గుర్తు పెట్టుకో: నెప్ట్యూన్‌కి దాహం వేస్తోంది."

ఆ మాట వింటే ఆమె కంటే ముందు వాల్డెనే తుపాకీ తీస్తాడని తాంగీ అనలేదు. సిడోనీ తాంగీ భార్య అన్న సంగతి కర్నల్ కూడా అనలేదు. ఒక చలికాలం పొద్దున స్టేషన్‌లో ఆమె పెట్టె మోసింది తాంగీయే. ఇదే మనిషి ఇదే కుర్చీలో కూర్చుని దేశం కోసం అన్నాడు, అతను సరే అన్నాడు. రైలు కదిలేటప్పుడు ఆమె చేతికి తొడుగు వేసుకుంటూ ఉంది. చెయ్యి ఊపడానికి అది పూర్తిగా ఎక్కలేదు. ఆ తర్వాత ఎన్ని దేశాలు తిరిగినా, కళ్ళు మూసుకుంటే అతనికి కనబడేది సగం తొడుగు వేసిన ఆ చెయ్యే.

*

తాంగీ సొంతూరైన ఆ బ్రెటన్ రేవులో 'ఒంటి తెడ్డు' రెస్టారెంటుకు ఆరు బల్లలు, ఒకే యజమానురాలు. పెద్దమ్మ ఫిలోమెన్ శనివారం చేపకు పొలుసు తీస్తూనే మొత్తం కథ విన్నది.

"ప్లాన్లు పోతే పోనియ్యి, ఇంకోటి గీసుకుంటారు. ఆ పిల్ల నీ పెళ్ళినాడు నా సాస్ రెండుసార్లు అడిగి వేయించుకుంది. దాన్ని పంపించావు. ఇప్పుడు మళ్ళీ పడవెక్కిస్తావా?"

"ఎక్కించను పెద్దమ్మా. దానికే వచ్చాను."

"వాణ్ణి ఎంతసేపు కూర్చోబెట్టాలి?"

"రేవులో నీళ్ళు పోయేదాకా."

ఆమె కత్తి ఆపి కిటికీలోంచి చూసింది. "రేపు పెద్ద ఆటుపోటు. మధ్యాహ్నం గట్టు అంచుదాకా నిండుతుంది. సాయంత్రానికి బురదే. బోటు తోలేవాడు ఎక్కడివాడు?"

"మధ్యధరా ఒడ్డున నీస్ వైపు వాడు. బరాల్ అని."

"ఇంకేం. వాళ్ళ సముద్రం పళ్ళెంలో పోసిన సూపు. పెరగదు, తరగదు." ఆమె మళ్ళీ పొలుసు తీయసాగింది. "అయితే విందు సంగతి చూద్దాం. ముందు ఆల్చిప్పలు."

"వాటిని గుటుక్కున మింగేస్తాడు."

"పెట్టకపోతే అనుమానపడతాడు. ఆ వెనక సాలెపీత, పెంకుతో సహా."

"పెద్ద హోటళ్ళలో ఒలిచి పెడతారు."

"అయితే పెద్ద హోటలుకే పొమ్మను. పెంకు పగలగొట్టుకోవాలి, ఒక్కో కాలులోంచీ సూదితో లాక్కోవాలి. రెండు చేతులూ పీతలోనే ఉంటాయి. తుపాకీ తియ్యాలన్నా ముందు చేతులు తుడుచుకోవాలి."

తాంగీ చాలా రోజుల తర్వాత నవ్వాడు. శాఖ శిక్షణలో ఇంత పనికొచ్చే పాఠం అతనికి ఎవరూ చెప్పలేదు.

"పీత అయ్యాకే ఆ టర్బో అనే పెద్ద బల్లపరుపు చేపని పొయ్యిలో పెడతాను," అంది ఫిలోమెన్. "మంచి చేప కోసం ఆగకపోతే తనకి తిండి తెలీదని తనే ఒప్పుకున్నట్టు. తర్వాత ఉప్పుగడ్డి మేసిన గొర్రెపిల్ల. తర్వాత జున్నులు. చివర్న ఏం కావాలి?"

"క్రేప్‌లు, ఆ పల్చని అట్లు. బల్ల పక్కనే ఆపిల్ సారా పోసి మంట పెట్టి ఇస్తాను."

"పారిస్ వాళ్ళ సర్కస్. నా ఇంట్లో ఎప్పుడూ లేదు."

"వాడి పక్కన నిలబడి చేసే పని ఒకటి ఉండాలి పెద్దమ్మా."

ఆమె ముక్కు ఎగబీల్చింది. ఒప్పుకున్నట్టే. తర్వాత బల్ల మీదున్న వస్తువు మీద ఆమె చూపు పడింది. "ఇదేంటి?"

"ఉప్పు మర. లోపల ట్రాన్స్‌మిటర్. ఒక్క తిప్పు తిప్పితే కర్నల్‌కి సిగ్నల్ పోతుంది. విందు బల్ల మీద ఉండి తీరాలని ఆర్డర్."

ఫిలోమెన్ జాడీలోంచి పిడికెడు బూడిదరంగు ఉప్పు తీసి అందులో పోసి తిప్పింది. తడి ఉప్పు ముద్దకట్టి మర బిగుసుకుపోయింది.

"మా ఉప్పుని వేళ్ళతో చల్లుతారు, మర పట్టరు. దీన్ని చేసినవాడు ఎవడు?"

"పెద్ద ఇంజినీరు."

"అదీ సంగతి. సిగ్నల్ ఎట్లా పంపిస్తావు మరి?"

"వంటింట్లో టెలిఫోన్ ఉందిగా."

*

ఆదివారం తెల్లని బోటు నిండు రేవులోకి హుందాగా వచ్చింది. బరాల్ గట్టు మీద గుంజకు ముందూ వెనకా పొట్టి తాళ్ళు బిగించి, పిల్లిని బుట్టలో పెట్టినంత భద్రంగా కట్టేశాడు. తాంగీ తెల్ల చొక్కా, నల్ల కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి చూశాడు. నీళ్ళు తగ్గుతాయని చెప్పలేదు. ఫిలోమెన్ బరాల్‌ను వెనక గదిలో కూర్చోబెట్టి ఆపిల్ కల్లు కూజా ముందు పెట్టింది. అతనికి ఇక బోటు గుర్తు రాలేదు.

వాల్డెన్ గదంతా ఒకసారి చూసి మూల బల్ల ఎంచుకున్నాడు. గూఢచారి ఎప్పుడూ తలుపుకు ఎదురుగానే కూర్చుంటాడు. ఆ గదిలో అలా కూర్చుంటే వీపు కిటికీకి ఉంటుంది. అతనికి వెనకా, సిడోనీకి ఎదురుగా గాజులోంచి బోటు జెండా కొయ్య సగం పైగా కనబడుతోంది.

సిడోనీ నల్ల కళ్ళద్దాలు తీసింది. కళ్ళ కింద సన్నని గీతలు వచ్చాయి. తాంగీని కుర్చీని చూసినట్టే చూసింది. ఆమె ఎంత మంచి ఏజెంటో అతనికి అప్పుడు తెలిసింది, అది తెలియడం ఏమంత బాగాలేదు.

"ఈ ఊళ్ళో మనుషులు ఉంటారా, లేక అందరూ చేపలేనా?" అన్నాడు వాల్డెన్.

"ఇద్దరం కలిసే ఉంటామండీ."

తాంగీ రొట్టె వడ్డించాడు. వాల్డెన్ పక్కన మామూలుగా పెట్టాడు. సిడోనీ పక్కన ముక్కను బోర్లించి పెట్టాడు. ఫ్రాన్సులో రొట్టె తిని పెరిగిన ఏ బిడ్డా అలా పెట్టదు. పూర్వం రొట్టెలు కాల్చేవాళ్ళు తలారి వాటాను అలా బోర్లించి ఉంచేవారు. అలాంటి ముక్క ఎవరి పక్కన ఉంటే వాళ్ళ చుట్టూ చావు తిరుగుతోందని అమ్మమ్మలు హడలిపోతారు.

సిడోనీ ఆ ముక్కను చూసింది. మెల్లిగా దాన్ని తిరగేసింది.

"రొట్టె బాగుంది," అంది.

"నువ్వింకా తిననేలేదే," అన్నాడు వాల్డెన్.

"వాసన తెలుస్తోందిగా."

ఆల్చిప్పలు ఫిలోమెన్ చెప్పినట్టే క్షణంలో మాయమయ్యాయి. సాలెపీత మాత్రం వాల్డెన్‌ను మింగేసింది. వాడు కాలు తర్వాత కాలు విరిచాడు, గుజ్జు పీల్చాడు, మధ్యమధ్య పారిస్‌ను, లండన్‌ను, ప్రపంచంలోని వంటవాళ్ళందరినీ తిట్టాడు. తాంగీ వంటింట్లోకి వెళ్ళి ఫోన్ చేసి వచ్చేసరికి వాడింకా రెండో డెక్క దగ్గరే ఉన్నాడు.

చేప వచ్చింది. వాల్డెన్ చేతులు తుడుచుకుని ఉప్పు మర అందుకున్నాడు. తిప్పాడు. కదల్లేదు. మూత తీసి లోపలికి చూశాడు. ముఖం మారింది.

"తడి ఉప్పుని మరలో పోశారా? ఇది ఈ ఊరివాళ్ళ పని కాదు. ఎవరు పెట్టారిది?"

సిడోనీ ఫోర్కు ఆగిపోయింది. తాంగీ కాస్త వంగి గొంతు తగ్గించాడు.

"పారిస్ నుంచి వచ్చే దొరలు అడుగుతారండీ. లేకపోతే అలుగుతారు. మీరూ అలాంటివారే అనుకున్నాను. తప్పయింది, తీసేస్తాను."

వాల్డెన్ ఒక్క క్షణం అతని ముఖంలోకి చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. "పారిస్‌లో ఉప్పెక్కడిది, సున్నమే." ఇలాంటివాడికి తిట్టుకోవడానికి ఇంకొకణ్ణి చూపిస్తే చాలు, సొంత ప్రాణం సంగతి కూడా మర్చిపోతాడు.

తాంగీ మర ఎత్తుకుపోతూ కిటికీ వైపు చూశాడు. జెండా కొయ్య పావు వంతు కిందికి దిగింది, కొద్దిగా వాలింది కూడా. సిడోనీ కూడా అది చూసింది. గొర్రెపిల్ల మాంసం వచ్చాక ఇంకో ముక్క కావాలంది. జున్నుల పళ్ళెం వచ్చాక ఒక్కోదాని పేరూ, ఊరూ అడిగింది. వాల్డెన్ అన్నిటికీ జవాబులు చెప్పాడు. తెలిసింది చెప్పకుండా ఉండటం వాడికి చేతకాదు.

అయినా వాడు పిచ్చివాడు కాదు. చివరి జున్ను ముక్క మింగి నాప్కిన్ బల్ల మీద పడేసి లేచాడు.

"చాలు. బరాల్‌ని పిలు. పద సిడోనీ, సముద్రం ఎదురుచూస్తోంది."

రోడ్డు మీద ఇంకా ఏ కారూ లేదు. ఫ్రాన్సులో ప్రభుత్వం ఆదివారం త్వరగా కదలదు. ఇప్పుడే వెళ్ళినా బోటు కదలదు. కానీ వాడికి ఉచ్చు సంగతి తెలిసిన మరుక్షణం, ఆమె పక్కన ఒంటరిగా ఉండేది వాడే.

"చిత్తం," అన్నాడు తాంగీ. "ఆఖరిది ఉంచేస్తామండీ. ఫరవాలేదు, పారిస్ వాళ్ళు కూడా సరిగ్గా ఇప్పుడే లేచి వెళ్ళిపోతారు."

వాల్డెన్ ఆగాడు. కోటు సర్దుకున్నాడు. కూర్చున్నాడు.

తాంగీ బల్ల పక్కకు పొయ్యి తెచ్చాడు. రాగి పెనం మీద వెన్న కరిగించాడు, చక్కెర చల్లాడు, క్రేప్‌ను పెళ్ళిచీర మడత పెట్టినంత జాగ్రత్తగా మడత పెట్టాడు. తర్వాత ఇంకోటి.

"మీరు చాలాకాలంగా ఈ పనిలో ఉన్నారా?" అంది సిడోనీ. వడ్డన సంగతి కాక ఆమె అతనితో మాట్లాడటం అదే మొదలు.

"లేదండీ. ఇంతకుముందు స్టేషన్‌లో పెట్టెలు మోశాను."

"బరువుగా ఉండేవా?"

"ఒక్కటే. దాన్ని మాత్రం ఇప్పటికీ దించలేకపోయాను."

ఆమె తల దించుకుంది. "పనివాళ్ళతో కబుర్లేంటి?" అన్నాడు వాల్డెన్.

అప్పుడే వెనక తలుపు ధడాలున తెరుచుకుంది. కల్లుతో ఎర్రబడ్డ ముఖంతో బరాల్ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"దొరా, సముద్రం పోయింది."

"ఏం పోయింది?"

"సముద్రమండీ. బోటు గోడకి వేలాడుతోంది."

వాల్డెన్ వెనక్కి తిరిగాడు. గాజులోంచి చూస్తే బోటు లేదు, నీళ్ళు లేవు. కనుచూపు మేర బూడిదరంగు బురద, దాని మీద నడుస్తున్న కొంగలు. వాడి ఎడమ చెయ్యి సిడోనీ మణికట్టును పట్టుకుంది, కుడి చెయ్యి కోటు లోపలికి పోయింది. తాంగీ పెనంలో సారా ఒంపి మంట అంటించి, ఆ మంటంతా కుడి చేతి మీదికి ఒలకబోశాడు.

నీలిమంట మోచేతిదాకా పాకింది. వాల్డెన్ అరిచి, కోటు విప్పి విసిరేశాడు. దాంతోపాటే తుపాకీ కూడా పోయింది. సిడోనీ చెయ్యి విదిలించుకుని, కింద పడ్డ చేతికర్ర మీద కాలేసి నిలబడింది. వాడు కిటికీ తోసి బయటికి ఉరికాడు, గట్టు మీద నుంచి దూకాడు.

ఎన్నో దేశాల పోలీసులకు దొరకనివాణ్ణి తొడలోతు బురద పట్టుకుంది. కార్లు వచ్చేసరికి వాడు తెల్ల చొక్కాతో అందులోనే నిలబడి ఉన్నాడు. ఫిలోమెన్ గట్టు మీద నుంచి ఒక తాడు విసిరింది, చెత్తబుట్టకు కట్టే తాడు.

*

కర్నల్ వెస్పియే బురద తగలకుండా రాళ్ళ మీద అడుగులేస్తూ లోపలికి వచ్చాడు. కర్ర పిడి విప్పి, ఫిల్మ్ చూసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"భేష్. మదాం సిడోనీ, కారు సిద్ధంగా ఉంది. వాడి ముఠాలో మిగిలినవాళ్ళు వియన్నాలో ఉన్నారు. వాళ్ళకింకా మీరెవరో తెలీదు. రాత్రి రైలుకి బయల్దేరతారు. కెర్మరెక్, ఆమె పెట్టె అందుకో."

తాంగీ కదల్లేదు. సిడోనీ చెప్పులు విప్పేసి కుర్చీలో కూర్చుంది.

"నేనింకా భోంచెయ్యలేదు," అంది.

"ఇంతసేపూ బల్ల దగ్గరేగా ఉన్నారు."

"వాడి ఎదురుగా ఇన్నేళ్ళలో ఒక్క ముద్ద కూడా గొంతు దిగలేదు, కర్నల్. వియన్నాకి మీరు వెళ్ళండి. మ్యాపు మీ గదిలోనే ఉందిగా."

కర్నల్ తాంగీ వైపు చూశాడు. తాంగీ నల్ల కోటు విప్పి, కుర్చీ లాక్కుని భార్య పక్కన కూర్చున్నాడు. ఫిలోమెన్ టర్బో చేప సాస్ గిన్నె తెచ్చి వాళ్ళ మధ్య పెట్టింది.

వెన్న వాసన కర్నల్‌ని కూడా వదల్లేదు. "సరే, తర్వాత మాట్లాడదాం," అని టోపీ తీశాడు. "మదాం, నాకూ ఒక ప్లేటు పెట్టండి."

"వంట అయిపోయింది. పొయ్యి ఆర్పేశాం."

"మరి వాళ్ళు తింటున్నారుగా?"

"వాళ్ళు ఇంటివాళ్ళు," అని ఫిలోమెన్ తలుపు తీసి పట్టుకుంది.

ఆపరేషన్ నెప్ట్యూన్‌ను విజయవంతంగా నడిపించినందుకు కర్నల్ వెస్పియేకి ఇంకో పతకం వచ్చింది. ఆ రోజు దారిలో పెట్రోలు బంకులో కొనుక్కుని తిన్న బిస్కెట్లు మెత్తబడిపోయాయని మాత్రం ఆయన తన రిపోర్టులో రాయలేదు.