ఒక్కరి ‘వద్దు’ చాలు

పులిహోర డబ్బాని ఇసుకలో పాతిపెట్టి వెతుక్కోమనే ఆడపిల్లని చరణ్‌తేజ్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"బీకన్ డబ్బాలోనే పెట్టా. దొరికితే తిందాం, దొరక్కపోతే ఇద్దరికీ పస్తే!" అంది ఆమని, దుబాయ్ శివార్లలోని ఇసుక దిబ్బ మీద చేతులు కట్టుకుని.

మంచు చరియ విరిగిపడి మనిషి కూరుకుపోతే, ఒంటికి కట్టుకున్న ఆ చిన్న యంత్రమే జాడ చెబుతుంది. శుక్రవారం స్నేహితులతో జార్జియా కొండల్లో స్కీయింగ్‌కి ప్రయాణం. అందుకే ఈ ప్రాక్టీసు. దుబాయ్‌లో మంచు ఉండేది మాల్ లోపలే కదా! ఈ చలికాలం మొదట్లో, అక్కడే, స్కీల మీద జారుతూ ఆగడం చేతకాక చరణ్ వెళ్లి ఆమెని గుద్దేశాడు.

"కళ్లు ఆఫీసులో పెట్టి వచ్చారా?"

"లేదండీ, మీ మీదే పెట్టా."

పాపం, నిజమే చెప్పాడు. ఆ రోజు నుంచీ ఆమె ఏమన్నా సరే అనడమే అతని పని. చిక్కటి పాల కరక్ చాయ్ మానేసి గ్రీన్ టీ తాగమంటే సరే. కోడి కూయకముందే లేచి ఇసుకలో పరిగెత్తమంటే అదీ సరే.

చేతిలోని రెండో బీకన్ కూత వింటూ అటూ ఇటూ తిరిగి, చివరికి డబ్బా తవ్వి తీశాడు. పులిహోర తింటూ ఆమని అంది:

"ఇంకో రూల్. గ్రూపులో ఏ ఒక్కరు వద్దన్నా అందరం వెనక్కి తిరగాల్సిందే. ఎవరూ వెక్కిరించకూడదు."

"సరే."

"ఇదిగో, నీతో ఇదే తంటా! గంగిరెద్దులా అన్నిటికీ తలూపేవాణ్ని నేను కొండెక్కించలేను చరణ్. వద్దనడం నేర్చుకో, లేదంటే ఇక్కడే ఉండు."

చరణ్ మొహం మాడిపోయింది. అది చూసి ఆమె గొంతు తగ్గించింది.

"కిందటేడు ఇలాంటి కొండ మీదే నాకు భయమేసింది. నా ఫ్రెండ్ ఫైజా సంబరపడిపోతుంటే వద్దనలేకపోయా. మంచు కదిలింది. దాని కాలు విరిగింది. ఇప్పటికీ కుంటుతోంది, తెలుసా?"

గురువారం సాయంత్రం ఊళ్లో సత్వా ప్రాంతంలోని కెఫ్టీరియాలో కూర్చున్నారు. ఆమని ఫోన్‌లో జార్జియా కొండల మంచు సంగతులు చదివింది.

"కొత్తగా బాగా పడిందట. అడుగున పంచదారలా పొడిపొడి పొర, దాని మీద గాలి తెచ్చి పేర్చిన గట్టి పలక. మనం దిగాలనుకున్న ఉత్తరం వాలు ప్రమాదమట." ఒక్క క్షణం ఆగింది. "అయినా పొద్దున్నే గబగబా దిగేద్దాం. దీనికోసం ఏడాదంతా సెలవులు దాచుకున్నా. నువ్వేమంటావ్?"

ఆమె కళ్లు మెరుస్తున్నాయి. ఆ కళ్లకి ఇంతవరకూ కాదని చెప్పిందే లేదు. సరే అంటే రేపు ఆమె పక్కనే ఉంటాడు. వద్దంటే ఆమె అతన్ని వదిలేసి ఇంకెవరితోనైనా వెళ్లిపోవచ్చు.

"వద్దు."

"ఏంటీ?"

"ఆ వాలు వద్దు ఆమనీ. తిట్టు, మాట్లాడటం మానెయ్, నన్ను తీసుకెళ్లకు. కానీ అటు మాత్రం వెళ్లకు. నువ్వు మంచు కింద ఉండి, నేను పైన బీకన్ పట్టుకుని వెతకడమా? నా వల్ల కాదు."

ఆమె ఫోన్ బోర్లా పెట్టేసింది. గ్రీన్ టీ చల్లారిపోయింది.

"ఖలాస్," అంది చివరికి. తమ కథే అయిపోయిందనుకున్నాడు చరణ్.

"ఆ వాలు ఖలాస్. లిఫ్టు పక్కన, చదును చేసిన చోటే అందరం జారదాం. నువ్వు కూడా."

"అంటే... ఇది నాకు పెట్టిన టెస్టా?"

"టెస్టా, నా మొహమా! నిజంగానే వెళ్దామనుకున్నా. నువ్వు సరే అనుంటే వెళ్లిపోయేవాళ్లం." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "కిందటేడు నేను అనలేకపోయిన మాట ఇవాళ నువ్వన్నావు."

టిష్యూ అందించాడు. ఆమె ముక్కు తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు అంది:

"తిరిగొచ్చాక మా ఇంటికి రా. నాన్నగారితో మాట్లాడుదువు గాని."

"దేని గురించి?"

"వద్దంటావా?"

"సరే!" అని చరణ్ అరిచిన అరుపుకి కెఫ్టీరియా అంతా ఇటు తిరిగి చూసింది.