టుమ్మికి మొదటాకు

మా షెడ్డులో పట్టుపురుగులు మేస్తున్నప్పుడు వచ్చే చప్పుడు మీలో చాలామంది విని ఉండరు. రేకుల మీద సన్నటి తుంపర పడుతున్నట్టు ఉంటుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో నేను నిజంగానే వాన అనుకుని ఆరేసిన బట్టలు తీయడానికి పరుగెత్తాను. బయట ఎండ మండిపోతోంది. మా అత్త గంగులమ్మ ఆ సంగతి ఊరంతా చెప్పుకుని నవ్వింది.

మాది చెన్నేకొత్తపల్లికీ పెనుకొండకీ నడుమ, హైవే దిగి రెండు కిలోమీటర్లు లోపలికి. మూడెకరాల మల్బరీ తోట, తోట పక్కన షెడ్డు, షెడ్డును ఆనుకుని కోసిన ఆకు వాడకుండా దాచే చీకటి గది, ఎదురుగా ఇల్లు. నెలా నెలన్నరకు ఒక పంట. పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్టుకు పోతాయి. మా ఆయన నాగేంద్ర ఆకు కోసుకొస్తాడు, నేను మేత వేస్తాను, అత్త మా ఇద్దరినీ తిడుతుంది. పని ఇట్లా పంచుకున్నాం.

అత్తకు ఒక పట్టింపు ఉంది. కొనుక్కొచ్చిన చిన్న పురుగులు ఇంటికి చేరిన రోజు వాటికి మొదటాకు మా కూతురు చందనే వేయాలి. చందనకు తొమ్మిదేళ్లు. మొదటాకు వేసిన చెయ్యి అవి గూడు కట్టేదాకా మేత ఆపకూడదు. రోజుకు ఒక్క ఆకైనా ఆ చేత్తో పడాలి. మధ్యలో ఆపితే ఆ ఆకలి ఊరికే పోదు అనేది అత్త. అందుకే పంట నడుస్తుంటే చందనను ధర్మవరంలోని మా అమ్మగారింటికి కూడా పంపేవాళ్లం కాదు. ఇదంతా నేను నమ్మానని చెప్పను. అత్తతో గొడవ ఎందుకులే అని సరిపెట్టుకునేదాన్ని.

ఈ వేసవి సెలవుల్లో చందనకు నా ఫోనులో ఒక ఆట అలవాటైంది. వింత జంతువుల పిల్లల్ని పట్టుకుని పెంచే ఆట. ఒక గుడ్డు దొరుకుతుంది, దాన్ని పొదిగించాలి, అందులోంచి ఒక పిల్ల వస్తుంది. చందనకు వచ్చిన పిల్ల పేరు టుమ్మి. ఉన్నమాట చెప్పాలి, ముద్దుగానే ఉండేది. తెల్లగా, బొద్దుగా, చుక్కల్లాంటి రెండు నల్లటి కళ్లతో, వెనకవైపు బుల్లి కొమ్ముతో. తినే వస్తువేదైనా కెమెరాకు చూపిస్తే తెర మీద అది నోరు తెరిచి కరకర నమిలి, పొట్ట నిమురుకుని నవ్వేది. నేనూ ఒక పూట దానికి నా పళ్లెంలోని ఉగ్గాణి చూపించాను. మొహం తిప్పుకుంది.

"దానికి ఆకే కావాలమ్మా," అంది చందన.

నవ్వుకుని నా పనిలో నేను పడ్డాను. అప్పుడే ఫోను లాక్కుని ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పుడు అనుకుంటాను. అనుకుని ఏం లాభం?

పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు పొర విడుస్తుంది. ఆ నిద్రను మేము జ్వరం అంటాం. జ్వరానికి పోయిన పురుగు మేత ముట్టదు. తల పైకెత్తి, ఒక రోజుకు పైగా కదలకుండా ఉంటుంది. నాలుగో జ్వరమే చివరిది. అది దాటి లేచాక వారం రోజుల పాటు ఎంత ఆకు వేసినా చాలదు. ఆ తరువాత గూడు కడుతుంది.

ఆ రోజు పొద్దున పురుగులన్నీ నాలుగో జ్వరానికి పోయాయి. మేత పని లేదు. తీరిక దొరికితే నా కళ్లు ఊరికే ఉండవు కదా, గోడవైపు తిరిగి ఫోనుతో గుసగుసలాడుతున్న చందన కనబడింది. ఫోను లాక్కుని చూశాను. టుమ్మి బాగా పెరిగిపోయింది. తల పైకెత్తి, కళ్లు మూసుకుని, కదలకుండా ఉంది.

"ఏమే, దీనికి కూడా జ్వరమా?" అన్నాను ఎగతాళిగా.

"ఊ. మన పురుగులతో పాటే పోతాది. రేపు లేస్తాది. లేస్తానే శానా ఆకలంట దానికి."

"ఎవురు చెప్పినారు నీకు?"

"అదే చెప్పింది." చందన కాలివేళ్ల వైపు చూసుకుంది. తరువాత నెమ్మదిగా అంది. "అమ్మా, కొట్టనంటే చెప్తా. ఈసారి మొదటాకు దానికే వేసినా. ఆకు చేతిలో పట్టుకోనుంటే అదే అడిగె. పురుగులకు ఆ తర్వాత వేసినా."

నాకు చిర్రెత్తుకొచ్చింది. పంట ఏమవుతుందోనన్న భయమో, రోజంతా ఫోనుకు అతుక్కుపోతోందన్న కోపమో, రెండూనో. అక్కడే, దాని కళ్ల ముందే, ఆ ఆటను ఫోనులోంచి తీసిపారేశాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అదిప్పుడు యాడ తింటాదమ్మా?" అని మాత్రం అడిగింది.

వసారాలో చేట పట్టుకుని కూర్చున్న అత్త అంతా విన్నది. చేట కింద పెట్టింది. "ఎంత పని చేస్తివే శోభా," అంది. అంతకుమించి ఒక్క తిట్టు తిట్టలేదు. ఆమె తిట్టకపోవడం నాకు నచ్చలేదు.

సాయంత్రం మబ్బు కమ్ముకుంది. కరెంటు పోయింది. నాగేంద్ర సున్నం తేవడానికి హిందూపురం పోయి ఇంకా రాలేదు. పొద్దుగూకే వేళ పురుగులను ఒకసారి చూసి వద్దామని బయలుదేరాను. షెడ్డు గడప దగ్గర చెప్పులు విడిచి, పురుగులకు రోగం అంటకుండా చల్లిన సున్నం తొక్కి, తలుపు తోశాను. లోపల గోనె పరదాలన్నీ దించి ఉన్నాయి. బ్లీచింగు వాసన, తడి సున్నం వాసన, వాటి వెనక నలిగిన పచ్చి ఆకు వాసన. జ్వరం రోజున ఆకు వాసన రాకూడదు.

ఫోను లైటు వేసి అరలు చూశాను. వేల పురుగులు, అన్నీ తలలు పైకెత్తి, కదలకుండా. ఒక్కటీ మేయడం లేదు.

కానీ మేత చప్పుడు వినిపిస్తోంది.

వాన అనుకున్నాను. పరదా తొలగించి చెయ్యి బయట పెట్టాను. పొడిగా ఉంది. చప్పుడు మాత్రం ఆగలేదు... సన్నగా, తెరిపి లేకుండా... ఆకు గది వైపు నుంచి.

"ఎవురది?" అన్నాను.

ఆకు గది తలుపు ఓరగా ఉంది. ముందురోజు నాగేంద్ర నింపి పెట్టిన నాలుగు గంపల్లో మూడు ఖాళీ. కాడలు మిగిలాయి, అంతే. నాలుగో గంప పక్కన... చందన.

మోకాళ్ల మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ నేలకు ఆనించింది. తల పైకెత్తింది. కళ్లు మూసుకుంది. పెదవులు మూసుకునే ఉన్నాయి. చప్పుడు ఇంకా వస్తూనే ఉంది... నేను దాని భుజం ముట్టుకోగానే ఆగిపోయింది.

"పాపా..."

పలకలేదు. ఒళ్లు చల్లగా, బిగుసుకుపోయి ఉంది. ఎత్తుకుంటే కూర్చున్న తీరులోనే లేచి వచ్చింది. తల వంచాలని చూశాను, వంగలేదు. నేను అరిచిన అరుపుకు అత్త పరుగెత్తుకొచ్చింది. దాన్ని చూసింది. అరల్లోని పురుగుల వైపు చూసింది. మళ్లీ దాని వైపు చూసింది.

నాగేంద్ర రాగానే పెనుకొండ ఆసుపత్రికి తీసుకుపోయాం. వాళ్లు హిందూపురం పొమ్మన్నారు. అక్కడ పడుకోబెట్టి సెలైను ఎక్కించారు. రక్తం బాగుంది, గుండె బాగుంది, తల ఫోటో కూడా బాగుందన్నారు. నిద్రపోతోందన్నారు. తల పైకెత్తి ఎవరు నిద్రపోతారయ్యా అని నేను గొడవపడ్డాను. పాపం, ఆ డాక్టరు మాత్రం ఏం చెప్తాడు?

మరుసటి రోజు సాయంత్రం చందన కళ్లు తెరిచింది. అదే నిమిషంలో అత్త ఇంటి నుంచి ఫోను చేసి, పురుగులు జ్వరం నుంచి లేచాయని చెప్పింది. నేను చందన నోరు తుడవబోతే పెదవి మీద పల్చటి పొర ఒకటి ఊడి తువ్వాలుకు అంటుకుంది. దాని కింద కొత్త చర్మం నిగనిగలాడుతోంది.

"ఆకలి అమ్మా," అంది.

ఇడ్లీ పెట్టాను, కక్కేసింది. పాలు కక్కేసింది. ఇంటికి తెచ్చిన రోజు అది నేరుగా ఆకు గదిలోకి పోయింది. మేము ఆపలేదు. రెండు రోజులుగా ఏమీ తినని బిడ్డ ఏదో ఒకటి తింటోంది కదా అనే అనుకున్నాం. తల్లిని, ఇంకేమనుకోగలను? వారం రోజులు నేనే ఆకు కోసి, కడిగి, దాని ముందు పెట్టాను. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, మళ్లీ పడుకునే ముందు. షెడ్డులో ఒక చప్పుడు, ఇంట్లో ఒక చప్పుడు. నాగేంద్ర చెవులకు దుప్పటి చుట్టుకుని వసారాలో పడుకునేవాడు.

ఆ ఆటను మళ్లీ ఫోనులోకి ఎక్కించాం. టుమ్మికి దాని చోటు తిరిగి ఇచ్చేస్తే నా బిడ్డను వదిలేస్తుందేమోనని ఆశ. చందన పట్టిన మిగతా పిల్లలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. టుమ్మి ఉండే గది ఖాళీగా ఉంది. నేల మీద కొరికిన ఆకు ముక్క ఒకటి పడి ఉంది. నేను ఆ తెరకు దండం పెట్టి, తప్పయిపోయింది, రా తల్లీ అని వేడుకున్నాను. సిగ్గు లేకుండా వేడుకున్నాను.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం చందన ఆకును పక్కకు నెట్టేసింది. మెడ తెల్లగా, వెలుతురు లోపలికి పోయేంత పల్చగా కనిపించింది. తల అటూ ఇటూ ఊపుతూ ఇంట్లో గోడలన్నీ తడుముకుంటూ తిరిగింది. పురుగుల ఇంట్లో పదకొండేళ్లు కాపురం చేసినదాన్ని, అదేమిటో నాకు ఒకరు చెప్పాలా? పండిన పురుగు గూడు కట్టడానికి తావు వెతుక్కుంటుంది. తావు దొరకకపోతే తిరిగి తిరిగి చస్తుంది.

"తావు చూపించవే..." అత్త నా చెవిలో అంది. "బిడ్డ అలిసిపోతాండాది."

"అత్తా, నా చేత్తో నేనా?"

"ఇంగెవురే ఉండారు?"

పురుగులు గూళ్లు కట్టే వెదురు తట్టలు రెండు తెచ్చి, నేనే వంటింటి మూలలో నిలబెట్టాను. చందన వాటి నడుమ ముడుచుకుని కూర్చుంది. నా వైపు ఒకసారి చూసింది, అంత హాయిగా అది నన్ను చూసి చాలా రోజులైంది. పెదవి కొస నుంచి సన్నటి దారం మొదలైంది... నాగేంద్ర తట్టుకోలేక దాన్ని పట్టుకుని లాగాడు. రక్తం వచ్చింది. చందన ఒళ్లంతా వణికిపోయి, నల్లబడిపోయింది... దారం వదిలేశాకే మళ్లీ ఊపిరి తీసింది. ఆ తరువాత మేము ముట్టుకోలేదు. ముగ్గురం ఎదురుగా కూర్చుని చూశాం. మొదట కాళ్లు కనబడకుండా పోయాయి. తరువాత చేతులు. తెల్లవారేసరికి మొహం.

కట్టిన గూడును తొందరపడి విప్పితే లోపలున్నది లేతగా ఉండి, చెయ్యి తగిలితేనే చచ్చిపోతుంది. ఐదో రోజు దాకా ఆగాలి. అందుకే నాగేంద్ర కొడవలి తెచ్చినప్పుడు అడ్డం పడింది నేనే. ఐదు రోజులు ఆగయ్యా అని కాళ్లు పట్టుకున్నాను. ఆగాడు.

ఈరోజు నాలుగో రోజు. పొద్దున వంటింట్లోకి ఎండ పడినప్పుడు గూడును మొదటిసారి నిండుగా చూశాను. అది మొద్దుగా, గుండ్రంగా ఉంది. ఒక్క పురుగు కట్టిన గూడు సన్నగా, తీరుగా ఉంటుంది. అప్పుడప్పుడు రెండు పురుగులు ఒకే తావులో చేరి, కలిసి ఒకే గూడు కడతాయి. అది మొద్దుగా, గుండ్రంగా, మామూలు కంటే లావుగా ఉంటుంది. లోపల రెండింటి దారం పెనవేసుకుపోతుంది. ఎంత నేర్పరి అయినా విడదీయలేడు. దాన్ని డబుల్ గూడు అంటాం. పంట పంటకూ నా చేతులతో ఏరి పక్కన పడేస్తుంటాను, చూడగానే తెలిసిపోతుంది.

అత్త కూడా చూసింది. మేమిద్దరం నాగేంద్రకు చెప్పలేదు.

ఆ మూలలోకి నా బిడ్డ ఒక్కతే పోయింది. నేను కళ్లారా చూశాను.