చీకటి గదిలో ఆఖరి వరస

ఊళ్ళో అందరి కళ్ళూ చక్కబెట్టే అద్దాలమ్మకి కొరుకుడు పడనివి రెండే రెండు కళ్ళు. అవి ఆమె మొగుడివి.

అద్దాలమ్మ అన్నది కొట్టుకొచ్చేవాళ్ళు పెట్టిన పేరు. కళ్ళజోళ్ళ కొట్టు వాళ్ళది. ముందుగదిలో ఫ్రేములు, వెనకగదిలో అద్దాలు అరగదీసే మిషను, ఆ రెంటికీ మధ్య కళ్ళు పరీక్ష చేసే చీకటి గది. పరీక్ష ఆమె పని, మిషను అతనిది. ఫ్రేముకి తగ్గట్టు అద్దం అంచు తీర్చడంలో అతనిది చెయ్యి తిరిగిన పనితనం. ఆమె మాత్రం వచ్చినవాళ్ళని ఊరికే అద్దాలిచ్చి పంపదు, నాలుగు చీవాట్లు కూడా కలిపి ఇస్తుంది. కళ్ళు నలపకండి, చేతులు కడుక్కోకుండా చుక్కలు వేసుకోకండి, కంప్యూటరు ముందు రెప్ప వెయ్యడం మర్చిపోతే కళ్ళు ఎండిపోక ఏమవుతాయి, నలభై దాటాక ఏడాదికోసారి కంటి ఒత్తిడి చూపించుకోండి... ఇవన్నీ పక్కగదిలో మొగుడికీ వినబడుతూనే ఉంటాయి. విని విని అవి అతనికి మిషను మోతలో కలిసిపోయాయి.

కొన్నాళ్ళుగా అతని వాలకం ఆమెకి నచ్చడం లేదు. నీళ్ళు గ్లాసులో కాకుండా గ్లాసు పక్కన పోస్తున్నాడు. ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకుంటున్నాడు. ఇదేమిటంటే, ఈ మధ్య గుమ్మం లావెక్కిందనేవాడు. వీధి దీపం చుట్టూ రంగుల చక్రం కనబడుతోందని ఒకరోజు అతనే నవ్వుతూ చెప్పేసరికి ఆమె గుండెల్లో రాయి పడింది. అది దేనికి గుర్తో ఆమెకి తెలుసు. అత్తగారి చూపు పోయిందీ ఆ జబ్బుతోనే.

కొట్టు పెట్టింది అత్తగారే. చీకటి గది ఆవిడ రాజ్యం. చూపు మెల్లిమెల్లిగా పోతున్నా ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఎదుటివాళ్ళు ఎక్కడ తడబడుతున్నారో చెవితో విని పవరు చెప్పేసేది. కళ్ళజోళ్ళ కొట్టువాళ్ళకే కళ్ళు లేవంటే మన గడప ఎవడు తొక్కుతాడని ఆవిడ పంతం. ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో డాక్టరు టార్చి వేసి చూసి, ఈవిడకి చూపు పోయి ఏళ్ళయి ఉంటుంది కదా అంటే, కొడుకూ కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒత్తిడి పెరిగి కంటి నరాన్ని తినేసిందట. తల్లికి ఉంటే పిల్లలు కూడా తప్పకుండా చూపించుకోవాలన్నాడు డాక్టరు. కొడుకు తలూపాడు. ఊపి ఊరుకున్నాడు.

ఆ తర్వాత ఆసుపత్రి మాటెత్తితే చాలు, ఒంటికాలి మీద లేచేవాడు. చార్టులో ఆఖరి వరస చదివేస్తాను, ఇంక నా జోలికి రాకు అన్నాడు ఒకరోజు. కుర్చీలో కూచుని గడగడా చదివేశాడు కూడా. ఆమె నమ్మేసేదే. కానీ ఆ చదవడం చొక్కా గుండీ పెట్టుకుంటూ, గోడవైపు మొహమైనా తిప్పకుండా చదివాడు. అప్పుడు తట్టింది ఆమెకి. ఆ అంకెలు ఈ ఇంట్లో ఎవరికి రావు? ఊహ తెలిసినప్పటినుంచీ పక్కగదిలోంచి వింటున్నాడు. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తాడు. ఎంత వెర్రిదాన్ని అని తనని తనే తిట్టుకుంది.

కొత్త చార్టు తెప్పించింది. అతను బయటికెళ్ళిన సమయం చూసి పాతది దించి దాన్ని తగిలించింది. ఆ సాయంత్రం వాన పట్టుకుంది, బేరాలు లేవు. ఇది చదివితే ఇంక నోరెత్తను, చదవలేకపోతే రేపు పొద్దున్నే ఆసుపత్రికి రావాలి అని మాట తీసుకుని అతన్ని కుర్చీలో కూచోబెట్టింది.

తలుపు వేసింది. చార్టు వెనక దీపం తప్ప గదంతా చీకటి. చెమ్మ పట్టిన గోడల వాసన, అద్దాలు తుడిచే స్పిరిటు వాసన. బయట రేకు మీద వాన చప్పుడు. ఆమెకి ఒకచోట నిలబడబుద్ధి కావడం లేదు. పరీక్ష ఫ్రేము అతని ముక్కుమీద పెట్టి, కుడి కంటికి అడ్డంగా నల్లబిళ్ళ వేసింది. ఇంక ఎడమ కన్ను ఒక్కటే చూడాలి.

పైవరస చదివాడు. దాని కిందిది చదివాడు. ఆఖరి వరసకొచ్చాడు. ఒక్క తప్పు లేదు.

ఆమెకి సంతోషం కలగాలి. కలగలేదు. అతను చదివే తీరు మారింది. ఒక్కో అంకె దగ్గరా ఆగుతున్నాడు. తల ఎడమపక్కకి వంచుతున్నాడు. ఏదో వింటున్నట్టు... విన్నాక చెబుతున్నట్టు.

పొద్దున్న నీళ్ళన్నీ బల్లమీద పోసిన మనిషేనా ఇతను? ఆమె చప్పుడు చెయ్యకుండా ఎడమ కంటికి కూడా నల్లబిళ్ళ వేసేసింది. ఇప్పుడతనికి రెండు కళ్ళకీ నలుపే.

"మళ్ళీ ఆఖరి వరస చదవండి," అంది.

"ఏడు..." తల వంచాడు. "రెండు... ఆరు... తొమ్మిది..."

చార్టు వైపు చూసింది. ఏడు. రెండు. ఆరు. తొమ్మిది.

ఒళ్ళు జలదరించింది.

"మీకెలా తెలుస్తోందండీ?" అంది గుసగుసగా.

అతను తప్పు పట్టుబడ్డ పిల్లాడిలా సణిగాడు. "అమ్మ అందిస్తోందిగా. నీకు వినబడటం లేదూ?"

వాన చప్పుడు తప్ప ఆమెకేమీ వినబడలేదు. కానీ స్పిరిటు వాసనలోంచి ఇంకో వాసన వచ్చింది. లవంగం. అత్తగారు ఎప్పుడూ బుగ్గన పెట్టుకునే లవంగం... కుర్చీకి ఎడమపక్కనుంచి. పరుగెత్తుకుని బయటపడాలనిపించింది. అతన్ని వదిలి ఎక్కడికి పోతుంది? అంత భయంలోనూ ఒళ్ళు మండిపోయింది ఆమెకి. ఆవిడ బతికున్నన్నాళ్ళూ దాచి తన కళ్ళు పోగొట్టుకుంది. ఇప్పుడు కొడుకువీ దాస్తోందా?

"అత్తయ్యా," అంది చీకట్లోకి. "మీకు దణ్ణం పెడతాను. మీరిలా అందిస్తూ కూచుంటే ఈయనకి రెండు కళ్ళూ పోతాయి. ఒక్కటన్నా మిగలనివ్వండి."

ఆమె ఎడమ కంటి బిళ్ళ తీసి, చదవమంది. అతను తల వంచి ఎదురుచూశాడు. చాలాసేపు చూశాడు.

"చెప్పడం లేదు..." అన్నాడు.

"మీరు చెప్పండి. అన్నిటికన్నా పైనున్న పెద్ద అంకె ఏమిటి?"

"ఏం లేదు. అంతా నల్లగా ఉంది."

కుడి కంటి బిళ్ళ తీసి ఎడమ కంటికి పెట్టింది. ఈసారి తల వంచలేదు. తనంతట తనే చదివాడు, ఆఖరి వరసలో మాత్రం ఒక అంకె తప్పాడు. ఆ తప్పు విని ఆమెకి ఏడుపొచ్చింది. ఒక కన్ను ఉంది, దాన్ని నిలబెట్టుకోవచ్చు. రోజూ చుక్కలు వేస్తుంది, వద్దంటే చెయ్యి వెనక్కి విరిచిపెట్టి వేస్తుంది. పొద్దున్నే వెళ్దాంలే అన్నాడు అతను, మొదటిసారి వెటకారం లేకుండా. హమ్మయ్య అనుకుంది.

ఫ్రేము తీసి బల్లమీద పెట్టింది. తలుపు దాకా నడిచి లైటు వేసింది. కుర్చీ, బల్ల, గోడకి చార్టు. ఇంకెవరూ లేరు. లవంగం వాసన కూడా పోయింది.

అతను కళ్ళు తెరుచుకుని చార్టు వైపే చూస్తున్నాడు.

"అయిపోయిందిగా, ఇంక చెయ్యి తియ్యవే," అన్నాడు. "ఎడమ కన్ను నొక్కేస్తున్నావు. చల్లగా ఉంది."

ఆమె గదికి ఈ చివర తలుపు దగ్గర ఉంది. వేలు ఇంకా స్విచ్చి మీదే ఉంది.

అతను నవ్వబోయి ఆగాడు. కుర్చీలో వెనక్కి జరిగాడు.

"ఏమే... కుడిదాని మీద కూడా పెడతావేం?"