మూడు తరుగు

అత్యవసర విభాగం ముందు గదిలో పెద్ద సిస్టర్ ఉందంటే డాక్టర్లకు సగం బెంగ తీరినట్టే. ఇరవై రెండేళ్లుగా అదే బల్ల, అదే పని. వచ్చినవాళ్లని నొప్పి ఎక్కడో అడగాలి, పదికి ఎంతో అడగాలి, ఆ అంకె చీటీ మీద వేయాలి. ఎనిమిది, ఆపైన అయితే ఎర్ర చీటీ, తిన్నగా లోపలికి. తక్కువైతే పసుపు చీటీ. గోడవార ఉన్న ఐదు కుర్చీల్లో ఎక్కడో ఒకచోట కూర్చుని పిలుపు కోసం చూడాలి.

ఈ పనిలో ఆవిడకో సొంత లెక్క ఉండేది. మగవాళ్లు ఏడంటే ఏడే వేసేది. ఆడవాళ్లు తొమ్మిదంటే మాత్రం ఆరు వేసేది. పాత ఇనుము కొనేవాడు తూకంలో తరుగు తీసినట్టు మూడు తీసిపారేసేది. "మనవాళ్ల సంగతి మనకు తెలీదూ? సూది గుచ్చుకున్నా ప్రాణం పోయిందంటారు" అని కొత్తగా చేరిన చిన్న సిస్టర్‌కి నవ్వుతూ నేర్పింది. చిన్న సిస్టర్ బుద్ధిగా నేర్చుకుంది.

పదకొండు రోజుల క్రితం, కుట్టుమిషన్ ముందు నుంచి లేచి తిన్నగా వచ్చిందొకామె. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. బట్టల మీద దారప్పోగులు, వేళ్లకి నీలం సుద్ద. రొమ్ము ఎముక కింద, కడుపు మొదలయ్యే చోట పిడికిలి నొక్కిపట్టుకుంది.

"పదికి ఎంతమ్మా?"

"తొమ్మిది సిస్టర్."

"పొద్దున ఏం తిన్నావు?"

"ఏమీ తినలేదు."

"అదే మరి. గ్యాసు."

ఆరు వేసి పసుపు చీటీ చేతిలో పెట్టింది. ఆమె మూడో కుర్చీలో కూర్చుంది. గంటన్నర తర్వాత పిలిస్తే లేవలేదు. కడుపునొప్పి అనుకున్నది గుండెపోటని తర్వాత తేలింది. ఆడవాళ్లకి గుండెపోటు ఒక్కోసారి అలా కడుపునొప్పి వేషం వేసుకొస్తుందని పెద్ద సిస్టర్‌కి తెలియక కాదు. చదువుకునే రోజుల్లో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే.

అంతకంటే ఘోరం ఆ సాయంత్రం జరిగింది. పోయినామె అక్క వచ్చి బల్ల ముందు నిలబడింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"మా చెల్లి ఎంత నొప్పని చెప్పింది సిస్టర్?"

పెద్ద సిస్టర్ చీటీ తిప్పి చూపించింది. "ఆరే చెప్పిందమ్మా."

"అది చిన్నప్పట్నుంచీ అంతే. బాధ పైకి చెప్పదు, దాచుకుంటుంది. మీరు మాత్రం ఏం చేస్తారు?" అని ఆ అక్క రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది.

పెద్ద సిస్టర్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ చేతులు పట్టుకుని నిజం చెప్పేయాలనిపించింది. చెప్పలేదు. చచ్చిపోయిన మనిషి నోట్లో తన అబద్ధం పెట్టింది, పైగా దణ్ణం పెట్టించుకుంది. ఆనాటి నుంచి అద్దంలో మొహం చూసుకోవాలన్నా సిగ్గుగా ఉంది.

ఈ రోజు మధ్యాహ్నం డ్యూటీ. బయట ముసురు. గది నిండా ఎప్పుడూ ఉండే ఫినాయిల్ వాసన లేదు. కుట్టుమిషన్‌లో వేసే నూనె వాసన వస్తోంది. కిటికీ తీసినా పోలేదు.

హాస్టల్లో వంట చేసే ముసలామె వంగిపోయి వచ్చింది. ఏడు అంది. పెద్ద సిస్టర్ చెయ్యి అలవాటుగా నాలుగు వేయబోయింది. అప్పుడు కనిపించింది, ముసలామె బట్ట మీద, డొక్కల మధ్య, నీలం సుద్ద గీత.

"ఈ గీత ఏమిటమ్మా?"

"మీ మనిషేగా గీసింది. వాకిట్లో. నొప్పెక్కడని అడిగి."

"ఏ మనిషి?"

"మెడలో టేపు వేసుకుందే, ఆవిడ."

పెద్ద సిస్టర్ భయంతోనే ఎర్ర చీటీ చింపి ఇచ్చింది. కాసేపటికి లోపలి నుంచి కబురొచ్చింది. కడుపులో పుండు పగిలిందట. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదట.

తర్వాత నెలలు నిండిన మనిషి వచ్చింది. కుడి డొక్క కింద నొప్పి, బిడ్డ తన్నుతోందేమో అనుకుందట. అక్కడా నీలం గీత. అడిగే ధైర్యం లేక పెద్ద సిస్టర్ ఎర్ర చీటీ ఇచ్చేసింది. బీపీ కొండెక్కి కూర్చుంది, కాలేయం దెబ్బతింటోంది, తల్లీబిడ్డా అంచు మీద ఉన్నారని డాక్టరు పరిగెత్తాడు.

"మీ కంటి నుంచి ఏదీ తప్పించుకోదక్కా" అంది చిన్న సిస్టర్ మురిసిపోతూ. ఆ మెప్పు చెంపదెబ్బలా తగిలింది.

నాలుగున్నరకి కరెంటు పోయింది. మబ్బుకి గది అంతా చీకటైంది. జనరేటర్ అందుకోవడానికి నిమిషం పడుతుంది. ఆ నిమిషంలో...

టక... టక... టక... ఎవరో కాలితో మిషన్ తొక్కుతున్న చప్పుడు. మూడో కుర్చీ వైపు నుంచి.

చప్పుడు ఆగింది.

వెనక నుంచి నడుం చుట్టూ ఏదో పాకింది. సన్నగా. చల్లగా. పొట్ట మీదుగా వచ్చి, కుడి డొక్క కింద కలిసింది. దర్జీలు కొలత చూసుకున్నట్టు, లోపల ఒక వేలు పెట్టి ఎవరో బిగించారు.

"ఎంత?"

టేపు ఇంకాస్త బిగిసింది.

"పదికి... ఎంత?"

దీపాలు వెలిగాయి. మూడో కుర్చీ ఖాళీ. తన తెల్ల కోటు మీద, కుడి డొక్క కింద, నీలం గీత. గీత ఉన్నచోటే నొప్పి పుట్టింది. మొదట చురుక్కుమంది. తర్వాత లోపల చెయ్యి పెట్టి పిండినట్టు మెలితిప్పి, కుడి భుజం వెనక్కి ఎక్కింది. బల్ల పట్టుకుని కూలబడిపోయింది.

చిన్న సిస్టర్ పరిగెత్తుకొచ్చింది. "ఏమైందక్కా? ఎక్కడ? పదికి ఎంత?"

"తొమ్మిది..."

చిన్న సిస్టర్ బుద్ధిమంతురాలు. కళ్లముందే ఆరు వేసింది. పసుపు చీటీ చింపింది. "ఏమీ తిని ఉండరు. గ్యాసేమో. అలా కూర్చోండక్కా" అని రెక్క పట్టుకుని మూడో కుర్చీ వైపు నడిపించింది.

కుర్చీ పక్కన ఎవరో నిలబడి ఉన్నారు. చేతిలో కాగితాలు. పోయినామె అక్క, మరణ ధ్రువపత్రం కోసం వచ్చింది. "అయ్యో సిస్టర్, ఏమైంది?" అని జాలిగా ముందుకొచ్చింది.

కుర్చీ ఇంకో అడుగు దూరంలో ఉంది. అందులో కూర్చుంటే లేవనని పెద్ద సిస్టర్‌కి తెలిసిపోయింది. ఇక తప్పించుకుందామన్నా దారి లేదు. ఎర్ర చీటీ రావాలంటే ఆ జాలి మొహం ముందే నిజం చెప్పాలి.

"మూడు తియ్యకే!" అని అరిచింది. గది మొత్తం తిరిగి చూసింది. "నేను నేర్పింది తప్పే... మీ చెల్లెలు తొమ్మిదే చెప్పిందమ్మా. ఏమీ దాచుకోలేదు. నేనే ఆరు వేశాను."

ఆ అక్క చేతిలో కాగితాలు కింద పడిపోయాయి. చిన్న సిస్టర్ పసుపు చీటీ నలిపేసి ఎర్ర చీటీ అందుకుంది.

పిత్తాశయంలో రాయి. జారి గొట్టంలో ఇరుక్కుందట. ఆపరేషన్ చేశారు. డొక్క కింద ఒక్క కోత, సరిగ్గా ఆ నీలం గీత మీదే.

మూడో రోజు ఆ అక్క వార్డుకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"రాసివ్వండి. నా చెల్లి ఎంత చెప్పిందో."

పెద్ద సిస్టర్ తల ఎత్తకుండా తొమ్మిది అని రాసింది, కింద సంతకం పెట్టింది. ఆ అక్క కాగితం మడిచి పెట్టుకుంది. ఈసారి దణ్ణం పెట్టలేదు.

"దాని టేపు మాకు ఇవ్వలేదు మీరు. ఎక్కడుంది?"

"మేమూ వెతికామమ్మా. దొరకలేదు."

ఆమె గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "మా చెల్లి ఒక్క కొలతతో ఎప్పుడూ ఆపేది కాదు" అని వెళ్లిపోయింది.

కట్టు మార్చడానికి చిన్న సిస్టర్ వచ్చింది. పాత కట్టు విప్పి, చొక్కా ఇంకాస్త పైకి జరిపి ఆగిపోయింది.

"ఇదెవరు గీశారక్కా?"

రొమ్ము ఎముక కింద, నడిమధ్య, ఆ దర్జీ ఆమె పిడికిలి నొక్కుకున్న చోట, ఒంటి మీద నీలం సుద్ద గీత. తాజాగా ఉంది. చిన్న సిస్టర్ తడి దూదితో తుడిచింది. పోలేదు. గట్టిగా రుద్దింది. పోలేదు.

"అక్కడ నొప్పిగా ఉందా అక్కా?"

"లేదు..." అంది పెద్ద సిస్టర్. "ఇంకా."