ఏడో నంబరు ముద్ర

చచ్చిపోయిన సర్వర్ నన్ను లోపలికి రానిచ్చింది. జరిగిన తప్పు అదే.

కావోషుంగ్ రేవులో మా పడవల కంపెనీ సర్వర్ గదికి అసలే మంచి పేరు లేదు. కిటికీలు లేవు. మధ్యాహ్నం మూడింటికి కూడా అక్కడ అర్ధరాత్రే. కాసేపు కదలకుండా నిలబడితే దీపాలు వాటంతటవే ఆరిపోతాయి. శుభ్రం చేసే ఆవిడ గుమ్మం దాకా తుడిచి వెళ్లిపోతుంది. లోపల ఎవరో ఊపిరి పీలుస్తారట...

పదకొండేళ్లు ఒక్కరోజు కూడా మొరాయించని ఏడో నంబరు సర్వర్ ఇది జరగడానికి ముందు నెలలోనే ఆగిపోయింది. మరలు విప్పి బయటికి లాగింది నేనే. దాని నెత్తిన ఉండే ఆకుపచ్చ చిరుతిండి పొట్లాన్ని మాత్రం ఆ ఖాళీలోనే ఉంచాను. పొట్లం ఉంటే యంత్రం బుద్ధిగా ఉంటుందని ఇక్కడి ఇంజనీర్ల నమ్మకం. నాకు నవ్వొస్తుంది. అయినా పెడతాను.

కొత్త సర్వర్లు మూడింటిని నా కింద పనిచేసే కుర్రాడు పాన్ బిగించాడు. ఆ రోజు అయిదింటికి పండగ టికెట్లు తెరవాలి. దీవుల వాళ్లు ఇల్లు చేరాలంటే మా పడవలే దిక్కు. మూడున్నరకి నా బల్ల దగ్గర కూర్చుని మొదటి సర్వర్‌ని పలకరించాను. దానికి ఇచ్చింది ఏడో నంబరు వాడిన పాత నెట్‌వర్క్ చిరునామాయే.

ఏ సర్వరైనా పుట్టగానే తన కీ తనే తయారుచేసుకోవాలి. ఇక్కడ మనం సంతకానికి బదులు సొంత ముద్ర చెక్కించుకుని బ్యాంకులో నమోదు చేయించుకున్నట్టు. సర్వర్‌లోకి వెళ్లిన ప్రతిసారీ నా కంప్యూటరు దాని ముద్ర సరిచూస్తుంది. పాత చిరునామాలో కొత్త యంత్రం కనిపిస్తే, ‘ఇది నువ్వెరిగినది కాదు!’ అని గోల పెట్టాలి.

గోల లేదు... ముద్ర సరిపోయింది.

పలికింది — ఏడు.

పాస్‌వర్డు కొట్టబోయిన వేళ్లు ఆగిపోయాయి. రెండోదాన్ని అడిగాను. ‘ఈ ముద్ర నాకు తెలుసు, ఏడుది’ అంది నా కంప్యూటరు. మూడోదాన్ని అడిగాను.

అదీ ఏడే.

పాన్‌ని వెంటబెట్టుకుని గదిలోకి వెళ్లాను. ర్యాక్ ముందు నిలబడి చూస్తుండగానే దీపాలు ఆరాయి.

“గువాన్ అక్కా...” గుసగుసగా అన్నాడు. “ఇది ఏడో నెల. మంచి అన్నలు తిరిగే రోజులు...” దెయ్యాల్ని పేరెత్తి పిలవకూడదని ఇక్కడ అలా అంటారు.

“మంచి అన్నలకి టికెట్లతో ఏం పనయ్యా? పడవెక్కుతారా?”

“మెల్లగా అక్కా! వింటారు!”

సర్... సర్...

ఎవరిదో ఊపిరి. పాన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. నేను రెండో చెయ్యి గాల్లో ఊపాను. దీపాలు వెలిగాయి. ఏసీ గాలికి చిరుతిండి పొట్లం సరసరమంటోంది. అయితే అది ఏడు వదిలిన ఖాళీలో లేదు — కొత్త సర్వర్ నెత్తినుంది.

“దీన్నెవరు జరిపారు?”

పాన్ చెప్పుల వంక చూశాడు. “నేనే. ఏడు బంగారం కదక్కా, దాని గుణం వీటికీ రావాలని...”

“పొట్లం జరిపితే ముద్ర కూడా వచ్చేస్తుందా?”

“పొట్లం ఒక్కటే కాదు... ఏడో నంబరు డిస్కుని మూడింట్లోకీ కాపీ చేశా. ఒక్క ఫైలూ చెరపలేదు. చెరిపితే అచ్చిరాదేమోనని.”

“కీలతో సహా?”

“కీలతో సహా.”

“మరి అసలు డిస్కేది?”

“పాత సామాన్లాయనకి ఇచ్చేశా...”

నాకు నిజంగా భయం వేసింది అప్పుడే. ఆ డిస్కు ఎవడికి దొరికితే వాడు మా టికెట్ల సర్వర్ తనదేనంటాడు. రుజువుకి అసలు ముద్రే చూపిస్తాడు.

“అయిదింటికి తెరవాలి కదక్కా?”

“తెరవం. తిట్లు నేను తింటాలే. ముందు ఆ పాత కీలు చెరుపు.”

కొత్త కీ పుట్టడానికి క్షణం చాలు. ఆ ముద్రల్ని రేవులోని టికెట్ కౌంటర్లన్నిటికీ ఎక్కించడానికే గంట పట్టింది. పాన్ ఒక్కో అక్షరం చదివాడు, నేను ఒక్కోటీ సరిచూశాను. చివరికి నా కంప్యూటరు పెట్టింది గోల: ‘ఇది నువ్వెరిగినది కాదు!’ తిట్టు అంత తీయగా ఎప్పుడూ వినిపించలేదు.

అయిదూ ఇరవైకి టికెట్లు తెరిచాం. అప్పటికే ఫోన్లో ఒక పెద్దాయన. “ఏమ్మా, మీ సర్వర్ చచ్చిందా?”

“లేదు తాతా, ఇప్పుడే పుట్టింది.”

ఆ డిస్కు ఇప్పటికీ దొరకలేదు. ఎక్కడో ఎవరితోనో నేను ఏడునని చెప్పుకుంటోందేమో. మా దగ్గర నమ్మేవాళ్లు లేరు.

నా కళ్లెదుట సొంత కీ పుట్టని యంత్రానికి నెట్‌వర్క్ వైరు తగిలించనని ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాను. ముందు కీ, ఆ తర్వాతే పొట్లం. ఆరేళ్లయింది. ఒక్కసారీ తప్పలేదు.